అత్తమ్మ మొక్కు, నా మోకాలు

మా అత్తమ్మ నాతో నేరుగా మాట్లాడేది కాదు. కోపం ఉండి కాదు, మర్యాద. ఆమె పుట్టి పెరిగిన ఇళ్లలో అల్లుడి ముందు నిలబడి ముచ్చట పెట్టే అలవాటు లేదు. మా మామ రైల్వేలో రిటైరై, కొన్నేళ్లకు కాలం చేశాక, ఆమె మౌలాలి నుంచి నాచారంలోని మా ఇంటికి వచ్చేసింది. వచ్చి ఏళ్లయినా పద్ధతి మారలేదు. నేను అన్నానికి కూర్చుంటే నాకు రెండడుగుల దూరంలో నిలబడి, వంటింట్లో ఉన్న కూతురికి వినబడేలా, “అల్లుడు ఇంకింత కూర వేసుకుంటడేమో అడుగు” అనేది. నేనూ గోడకు చెప్పినట్టు “చాలని చెప్పు” అనేవాణ్ణి. మధ్యలో మా ఆవిడ నోరు తెరిచే పనే ఉండేది కాదు. అందరికీ అన్నీ వినబడుతూనే ఉండేవి.

అంత మర్యాదస్థురాలు నా గురించి ఒకరోజు దేవుడితో మాత్రం నేరుగా మాట్లాడేసింది. అప్పుడు కూతురు కూడా మధ్యలో లేదు. తంటా అంతా అక్కడే వచ్చింది.

నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. యాభై దగ్గరపడుతుండగా షుగరు వచ్చింది. రోజూ నడవమన్నారు. నడక నాకు విసుగు, అందుకని సైకిలు కొన్నాను. కొన్నాక తెలిసింది, నాకు పిచ్చి పట్టిందని. ఆదివారం వచ్చిందంటే తెల్లారకముందే లేచి, ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద ఘట్‌కేసర్ దాకా పోయి రావాల్సిందే. ఆ రోడ్డు పొడుగునా ఏళ్ల తరబడి లేస్తున్న ఫ్లైఓవర్ స్తంభాలు, వాటి కింద కంకర. ఒక ఆదివారం ఆ కంకర మీదే ముందు చక్రం జారింది. సైకిలుకు చిన్న గీత కూడా పడలేదు. నా మోకాలు మాత్రం లోపల తెగింది.

ఆపరేషన్ అయ్యాక డాక్టరు బయటికి వచ్చి, “నేను చెప్పేదాకా కాలు కింద పెట్టొద్దు” అన్నాడట. మా ఆవిడ తలూపింది. వెనక బెంచీ మీద కూర్చున్న అత్తమ్మ ఆ మాటను గట్టిగా పట్టుకుంది.

ఇంటికి వచ్చిన రోజు సాయంత్రం సంగతి బయటపడింది. అత్తమ్మకు చాయ్ అంటే ప్రాణం అని చెబితే చాలదు. మామ రైల్వే డ్యూటీల కోసం ఏ వేళకు లేచినా లేచి చాయ్ పెట్టిన మనిషి. ఆయన పోయినా ఆ వేళలు పోలేదు. తెల్లవారుజామున ఒకటి, పొద్దున టిఫిన్ తర్వాత ఒకటి, మధ్యాహ్నం నిద్ర లేచాక అసలైనది ఒకటి. అల్లం దంచి, పాలు పొంగనిచ్చి, దించి, మళ్లీ పొంగనిచ్చి, నీలం అంచు సాసరులో పోసుకుని, ఊదుకుంటూ తాగేది. ఆ సాసరు జోడీ కప్పు ఎప్పుడో పగిలిపోయింది. సాసరు మాత్రం ఆమె వెంట మౌలాలి నుంచి వచ్చింది.

ఆ సాయంత్రం అందరికీ చాయ్ పోసింది. సాసరు కడిగి బోర్లించి ఉంది, తీయలేదు.

“నీకేదమ్మా?” అంది మా ఆవిడ.

“బంద్ పెట్టిన.”

“ఎందుకు?”

అత్తమ్మ చక్రాల కుర్చీలో ఉన్న నా వైపు ఒకసారి చూసి, కొంగు సర్దుకుని చెప్పింది. “మొక్కిన. సామీ, అల్లుని మోకాలు మంచిగ జెయ్యి, నీ గుట్టకు వస్తడన్న. మెట్లెక్కి వస్తడందామంటె పాపం మోకాలాయె. గందుకని సైకిలు మీద వస్తడన్న. డాక్టరు సార్ చెప్పినట్టె, గుట్ట మొదలుకెల్లి కాలు కింద పెట్టకుంట వస్తడన్న. గప్పటిదాంక నేను చాయ్ ముట్ట.”

ఉప్పల్ రింగురోడ్డులో బస్సెక్కే మా వైపు వాళ్లకు గుట్ట అంటే ఒకటే గుట్ట, నరసింహస్వామి గుట్ట. కింది నుంచి పైదాకా వంపులు తిరిగే ఘాట్ రోడ్డు. కార్లే గేరు మార్చుకుని మూలుగుతూ ఎక్కుతాయి.

ఆమె లెక్క ఆమెకు ఉంది. మెట్లంటే కష్టం, మోకాలు వంగాలి. సైకిలంటే కూర్చుని రావడం. చక్రాలున్నాయి, అవే తిరుగుతాయి. పైగా అల్లుడికి సైకిలంటే ఇష్టం. కాలు కింద పెట్టకపోతే కాలికి విశ్రాంతి కూడా. నా మీద జాలితో, బాగా ఆలోచించి, దేవుడితో మాట్లాడి నా మొక్కును తేలిక చేయించింది. ఆమె జీవితంలో సైకిలు తొక్కలేదు. మామ రోజూ సైకిలు మీద డ్యూటీకి పోయి పాట పాడుకుంటూ తిరిగి రావడం చూసింది. ఆ సైకిలు ఎప్పుడూ చదును రోడ్డు మీదే నడిచింది.

మా బామ్మర్ది అక్కడే ఉన్నాడు. పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒక్క చేత్తో ఎత్తగలిగే ఖరీదైన సైకిలు, నన్ను ఆటపట్టించడం, ఈ మూడూ వాడికి సమానంగా ఇష్టం. వాడు చాయ్ గుటక మింగలేక దగ్గుతూ బాల్కనీలోకి పరుగెత్తాడు. మా ఆవిడ వెనకే వెళ్లింది. నన్ను కూడా కుర్చీతో సహా లాక్కెళ్లి, తలుపు దగ్గరగా వేసింది.

“నవ్వితే చంపుత” అంది తమ్ముణ్ణి. తర్వాత ఇద్దరికీ కలిపి చెప్పింది. “సైకిలు మీద ఎత్తు ఎక్కుడు మెట్ల కన్న కష్టమని అమ్మకు చెప్పొద్దు. తెలిస్తే అల్లుని మెడకు గుదిబండ కట్టినని ఏడుస్తది. చాయ్‌తోని ఆగదు, అన్నం గూడ బంద్ పెడ్తది.”

“చెప్పకపోతే బావ ఎట్ల ఎక్కుతడక్కా?” అన్నాడు బామ్మర్ది. “నాకొకటి తోస్తున్నది. కారు మీద సైకిలు కడ్తం, సైకిలు మీద బావను కడ్తం. కాలు కిందికి రమ్మన్నా రాదు.”

నేను నవ్వలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ రోజు ఇంకాస్త ముందుకు వచ్చింది. నా మోకాలు, నా సైకిలు, నా తరఫున మొక్కడానికి ఈమెకు ఎవరు చెప్పారు? నేను అడిగానా? ఆపరేషన్ చేసింది డాక్టరు, కట్టాల్సింది కట్టాం, మధ్యలో ఈ గుట్ట ఏంది? ఇవన్నీ మనసులోనే అనుకున్నాను. అత్తమ్మతో నేరుగా మాట్లాడకపోవడంలో ఒక లాభం ఉంది. కోపం కూడా నేరుగా పోదు.

మా ఆవిడ ఒకసారి మెల్లగా, “హుండీల ఏమన్న ఏసి మొక్కు మార్పించుకోరాదమ్మా” అంది. నాచారం కూరగాయల బండ్ల దగ్గర కొత్తిమీర కట్ట కోసం ఒక బండి నుంచి ఇంకో బండికి తిరిగి, మళ్లీ మొదటి బండి దగ్గరికే వచ్చి బేరమాడే అత్తమ్మ, కూతురి మొహంలోకి వింతగా చూసింది. “దేవునితోని బేరమాడుతరా ఎవలన్న?” అంది.

అలా నెలలు గడిచాయి. మొదట్లో అత్తమ్మకు రోజూ తలనొప్పి. నుదుటికి బామ్ రాసుకుని, గుడ్డ కట్టుకుని, మధ్యాహ్నం గోడ వైపు తిరిగి పడుకునేది. అయినా వేళ అయ్యేసరికి లేచి మా అందరికీ చాయ్ పెట్టేది. వద్దంటే వినదు. రుచి చూడకూడదు కాబట్టి ఒకరోజు చక్కెర పానకం, ఒకరోజు అల్లం కషాయం. మేం మారుమాట్లాడకుండా తాగేవాళ్లం. తర్వాత తర్వాత ఇంట్లో తాగడమే మానేశాం. మా ఆవిడ స్కూల్లో టీచర్ల గదిలో తాగి వచ్చేది. నేను ఫిజియోథెరపీ అయ్యాక హబ్సిగూడలో ఇరానీ హోటల్లో తాగి, నోరు కడుక్కుని, ఏదో తప్పు చేసినవాడిలా ఇంటికి వచ్చేవాణ్ణి.

ఒకరోజు నేను కర్ర పట్టుకుని మంచినీళ్ల కోసం వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. అత్తమ్మ చాయ్ గిన్నె దించి గట్టు మీద పెట్టింది. వడకట్టలేదు. గిన్నె మీదికి వంగి, కళ్లు మూసుకుని, ఆ ఆవిరి మొహానికి తగలనిస్తూ నిలబడింది. చాలాసేపు నిలబడింది. నన్ను చూడలేదు. నేను నీళ్లు తాగకుండానే వెనక్కి వచ్చేశాను. నా కోపం ఆ రోజుతో పోయింది. ఈ మనిషికి చాయ్ తాగించాలి, అంతే, ఇంకేం వద్దు అనిపించింది.

డాక్టరు సైకిలు తొక్కొచ్చని చెప్పగానే మొదలుపెట్టాను. ముందు ఉప్పల్ భగాయత్‌లో. వెడల్పాటి కొత్త రోడ్లు, ఇంకా లేవని ఇళ్లు, పొద్దున్నే చేతులూపుతూ నడిచే పెద్దమనుషులు, వాళ్లను పట్టించుకోని కుక్కలు. అక్కడ చదును మీద మోకాలు దారికి వచ్చింది. తర్వాత మల్లాపూర్ వైపు ఎత్తు. తర్వాత కనిపించిన ప్రతి ఫ్లైఓవరూ. బామ్మర్ది పక్కనే వచ్చి పాఠాలు చెప్పేవాడు. ఎంత గట్టిగా తొక్కితే అంత తొందరగా కష్టం అయిపోతుందని వాడి సిద్ధాంతం. వాడి వయసుకు, వాడి సైకిలుకు అది నిజమే.

చలి తగ్గాక ఒక ఆదివారం ముహూర్తం పెట్టుకున్నాం. నేను తెల్లారకముందే నాచారం నుంచి సైకిలు మీద బయలుదేరాలి. వెనక బామ్మర్ది కారులో అక్కనూ అమ్మనూ తీసుకుని నేరుగా గుట్ట మీదికి రావాలి. అత్తమ్మ ముందు రోజే పూజ సంచి సర్దుకుంది. టెంకాయ, అగరుబత్తీలు, పసుపు, కుంకుమ, ఇంకేవో గుడ్డలో చుట్టినవి.

బీబీనగర్ దాటేసరికి వెలుతురు వచ్చింది. భువనగిరి కోట బండ మీద ఎండ పడుతుంటే చూస్తూ తొక్కాను. ఒళ్లు తేలికగా ఉంది. నాకు నేనే ముద్దొచ్చాను. గుట్ట కింద ఆగి నీళ్లు తాగి, తలెత్తి ఘాట్ రోడ్డు మొత్తం చూశాను. అదే నేను చేసిన తప్పు. పైన వంపు తిరిగిన చోట బస్సు ఒకటి అగ్గిపెట్టెలా కనిపించింది. దాన్ని తొందరగా అందుకోవాలన్నట్టు మొదలుపెట్టాను.

మొదటి మలుపు పౌరుషంతో ఎక్కాను. కార్లలో జనం అద్దాలు దించి చూస్తుంటే ఛాతీ విరుచుకుని మరీ తొక్కాను. రెండో మలుపుకు ఊపిరి లేదు. తొడలు రాళ్లయ్యాయి. చెవుల్లో గుండె కొట్టుకోవడం తప్ప ఇంకేం వినబడలేదు. సైకిలు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఊగింది. నా కాలు నన్ను అడగకుండానే కింద ఆనింది.

మిగతా గుట్టంతా సైకిలు నెట్టుకుంటూ నడిచాను. పైన కార్లు ఆపే చోట అత్తమ్మ చేతిలో పూజ సంచితో నిలబడి ఉంది. నేను నడిచి రావడం చూసింది. ఎవరూ ఏమీ అనకముందే బామ్మర్ది అందుకున్నాడు. “చైన్ ఊడిందమ్మా. బావ తప్పేం లేదు.”

అత్తమ్మ చైను వైపు చూసింది. అది నిక్షేపంగా పళ్ల మీదే ఉంది. ఆమెకు తెలియదు. “అల్లుని ఫికర్ చెయ్యొద్దని చెప్పు” అంది కూతురితో. “మల్లొస్తం. సామి యాడికి పోతడు.”

దర్శనం చేసుకుని వస్తుంటే అలవాటు కొద్దీ అందరం చాయ్ బండి దగ్గర ఆగాం. బండి ఆయన మనుషులను లెక్కపెట్టుకుని నాలుగు పోశాడు. నాలుగోది అత్తమ్మ చేతికి ఇచ్చాడు. ఆమె వద్దనలేదు. దాన్ని కాసేపు వేడికి చేతుల్లో పట్టుకుని, తర్వాత బల్ల మీద పెట్టి, ఒక వేలితో నా వైపు జరిపింది. నేను తాగాను. తాగకపోతే ఇంకా బాధపడుతుందని తాగాను. నాకు ఏడుపొచ్చింది. ఎండకు కళ్లు మండుతున్నాయని చెప్పి మొహం కడుక్కున్నాను.

ఆ తర్వాత కొన్ని రోజులు సైకిలు ముట్టుకోలేదు. నా వల్ల కాదేమో అనిపించింది. అప్పుడే ఒక సాయంత్రం అత్తమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూతురితో ఏదో ముచ్చట చెబుతోంది. నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. బామ్మర్ది చిన్నప్పుడు జ్వరంతో బాగా చిక్కిపోతే, గుట్టకు మెట్ల పూజ మొక్కిందట. మెట్ల పూజ అంటే కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా ప్రతి మెట్టుకూ వంగి, నీళ్లతో కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుని, అప్పుడు దాని మీద కాలు పెట్టాలి.

“నడుము ఇరగలేదా అమ్మా?” అంది మా ఆవిడ.

“పైకి సూస్తే ఇరుగుతది. పైకి సూడొద్దు. గీ మెట్టుకు బొట్టు పెట్టినమా, అయిపాయె. ఇంకో మెట్టు. ఎనుకకెల్లి వచ్చెటోళ్లు మస్తుమంది దాటిపోతరు. పోనియ్యి, వాళ్ల మొక్కు వాళ్లది. మనకు జల్ది ఏముంది?”

నాకు చెప్పిన మాట కాదు. చిక్కుడుకాయల మధ్య చెప్పిన ముచ్చట. నేను మాత్రం పేపరు మడిచి లోపలికి వెళ్లి, సైకిలు చక్రాల్లో గాలి చూసుకున్నాను.

మరుసటి ఆదివారం ఏఎస్ రావు నగర్ మీదుగా కీసరగుట్టకు పోయాను. పొడుగు తక్కువే కానీ మంచి ఎత్తున్న రోడ్డు. అన్నిటికన్నా చిన్న గేరులో పెట్టి, ముందు చక్రం ముందున్న జానెడు తారు రోడ్డు తప్ప ఇంకేం చూడకుండా, మెట్ల పూజ చేసే వేగంతో మొదలుపెట్టాను. గొడుగు పట్టుకుని నడుస్తున్న ఒక ముసలాయన నన్ను దాటిపోతూ పలకరించాడు. నేనూ పలకరించాను. బామ్మర్ది సర్రున పైదాకా పోయి, తిరిగి వచ్చి, నా చుట్టూ తిరుగుతూ చూశాడు.

“బావా, పోతున్నవా, నిలబడ్డవా? అర్థమైతలేదు.”

“బొట్టు పెడుతున్న” అన్నాను.

ఎండ తగిలి బావకు మతి పోయిందనుకున్నాడేమో, ఇంకేం అడగలేదు. కాలు కింద పెట్టకుండా కీసరగుట్ట ఎక్కాను. ఇంకో రెండు మూడు వారాలు అదే పని. ఒళ్లు అలిసేది కానీ భయం పోయింది. నా ఊపిరి నాకు వినబడుతూనే మాట్లాడగలిగేంత నెమ్మది దొరికింది. నిజం చెప్పాలంటే అది నాకు నచ్చింది. ఇన్నేళ్లు ఆదరాబాదరాగా తొక్కి ఏం చూశానో నాకే గుర్తులేదు. ఇప్పుడు రోడ్డు పక్కన సీతాఫలం చెట్టు ఎక్కడుందో కూడా తెలిసింది.

రెండోసారి గుట్టకు బయలుదేరే రోజు అత్తమ్మ నాకంటే ముందే లేచింది. సైకిలు హ్యాండిల్‌కు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దండ గుచ్చి కట్టింది. చైన్ ఊడకుండా ఉండాలని. బామ్మర్ది చూసి ఏదో అనబోతే వాళ్లక్క కాలు తొక్కింది. “అల్లున్ని పైలంగ రమ్మని చెప్పు” అంది అత్తమ్మ, నా పక్కనే నిలబడి.

ఈసారి గుట్ట కింద ఆగాను కానీ తలెత్తలేదు. నీళ్లు తాగి, చిన్న గేరు వేసి, జానెడు రోడ్డు చూసుకుంటూ మొదలుపెట్టాను. నిమ్మకాయ హ్యాండిల్ కింద అటూ ఇటూ ఊగుతోంది. ఒక బొట్టు. ఇంకో బొట్టు. ఆటో ఒకటి దాటింది. పోనియ్యి. పిల్లలతో నిండిన కారు దాటింది. వాళ్ల మొక్కు వాళ్లది. మొదటి మలుపు ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. రెండో మలుపు, పోయినసారి కాలు పెట్టిన చోటు, గుర్తుపట్టాను. అక్కడ తొడలు మళ్లీ బిగిశాయి. ఇంకా నెమ్మది చేశాను. అంతకన్నా నెమ్మదైతే పడిపోతాను. పడలేదు.

ఆఖరి మలుపు దగ్గర హోంగార్డు ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు. పై నుంచి బస్సు దిగుతోంది, అది మలుపు తిరిగేదాకా కిందివాళ్లు ఆగాలి. ముందు కారు ఆగింది. ఆటో ఆగింది. నేను ఆగలేను. అదృష్టం కొద్దీ ఆ మలుపులో రోడ్డు కాస్త వెడల్పు, కాస్త చదును. ఆటో వెనక గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాను.

“ఓ అన్నా, ఆగుమంటె తిరుగుతవేంది?” అన్నాడు హోంగార్డు.

“ఆగొద్దు అన్నా” అన్నాను తిరుగుతూ.

“ఆగకపోతె బస్సు గుద్దుతది. కాలు కింద పెట్టు.”

“పెట్టొద్దు. మొక్కు.”

ఆయన మొహం మారిపోయింది. “మొక్కా?” అన్నాడు. “గట్ల జెప్పు మరి.” వెంటనే నోట్లో ఈల పెట్టుకుని ఊది, దిగుతున్న బస్సునే ఆపేశాడు. ఆటోను పక్కకు జరగమన్నాడు. బస్సు డ్రైవరు తల బయటపెట్టి ఏందని అడిగాడు. “కాలు కింద పెట్టకుంట సైకిలు మొక్కట” అని హోంగార్డు కేకేసి చెప్పాడు. డ్రైవరు ఇంజను ఆపేసి, రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. కిటికీల్లోంచి ఆడవాళ్లు వంగి చూశారు. ఎవరో గోవిందా అన్నారు, మిగతావాళ్లు అందుకున్నారు. ఎందుకు తొక్కుతున్నావని ఉప్పల్ రోడ్డు మీద నన్ను అడిగినవాళ్లు బోలెడుమంది. ఈ రోడ్డు మీద ఆ ఒక్క మాట తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. నేను వాళ్లందరి మధ్య నుంచి, నడిచే మనిషి కన్నా నెమ్మదిగా, సిగ్గు లేకుండా ఎక్కాను.

పైకి వచ్చేసరికి అత్తమ్మ ఒక్కతే ఉంది. బామ్మర్ది కారు పెట్టడానికి, మా ఆవిడ పూలు కొనడానికి పోయారు. అత్తమ్మ పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది. అక్కడి నుంచి కింది వంపులన్నీ కనిపిస్తాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది.

ఇప్పుడు నాకు కొత్త చిక్కు. మొక్కు ఎక్కడిదాకా? ఇక్కడ దిగొచ్చా, గుడి ముందర దిగాలా? మొక్కింది ఆమె, చెప్పాల్సిందీ ఆమె. మధ్యలో మాట చేరవేయడానికి మనిషి లేదు. కార్ల మధ్య ఖాళీలో ఒక చుట్టు తిరిగాను. రెండో చుట్టు తిరిగాను. కాళ్లు వణుకుతున్నాయి. ఇంక తప్పదని నేరుగా అడిగేశాను.

“అత్తమ్మా, దిగాల్నా?”

ఆమె ఒక్క క్షణం వెనకా ముందూ చూసింది, కూతురి కోసం. తర్వాత కొంగు తీసింది.

“దిగు బిడ్డా. దిగు.”

దిగాను. దిగిన కాలు నిలబడలేదు. సైకిలును పిట్టగోడకు ఆనించి నేల మీదే కూర్చుండిపోయాను. అత్తమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె కళ్ల నిండా నీళ్లు.

“నువ్వు కింది నుంచి ఎక్కుడంత జూసిన” అంది. “సైకిలంటె కూసోని వచ్చుడనుకున్న బిడ్డా. అల్కగుంటదని మొక్కిన. గింత కష్టమని ఎవ్వరన్న ఒక్క మాట చెప్పిన్రా నాకు? చైన్ ఊడిందన్నది గూడ అబద్ధమేనా?”

నాకు వంటింటి గట్టు, గిన్నె, ఆ ఆవిరి గుర్తొచ్చాయి.

“మీరు చాయ్ మానుడు కన్న అల్కనే అత్తమ్మా” అన్నాను.

ఆమె వంగి, పూజ సంచిలోంచి కుంకుమ తీసి, ముందు సైకిలుకు, తర్వాత నా మోకాలికి బొట్టు పెట్టింది. మోకాలికి బొట్టు పెట్టించుకున్న మనిషిని నేను ఇంతవరకు ఇంకొకణ్ణి చూడలేదు. మా ఆవిడ పూలతో వచ్చి, మేమిద్దరం మాట్లాడుకోవడం చూసి, కాస్త దూరంలోనే ఆగిపోయింది.

దర్శనం అయ్యింది. టెంకాయ కొట్టాం. మళ్లీ అదే చాయ్ బండి దగ్గర ఆగాం. బండి ఆయన కాగితం కప్పుల్లో పోయబోతే అత్తమ్మ ఆగమంది. పూజ సంచి అడుగు నుంచి పాత తువ్వాలు గుడ్డలో చుట్టినది ఒకటి తీసి, మెల్లగా విప్పింది. నీలం అంచు సాసరు.

“ఇంటికాడి నుంచి తెచ్చుకున్నరా?” అన్నాను.

మా ఆవిడ నా చెవి దగ్గర చెప్పింది. “పోయినసారి గూడ తెచ్చుకున్నది. విప్పకుంటనే ఇంటికి కొంటవోయింది.”

పోయినసారి సంచిలో గుడ్డలో చుట్టినవి ఏవో ఉన్నాయని చూశాను కానీ ఏమిటని అడగలేదు. నాలుగో కప్పు నా వైపు జరిపినప్పుడు ఈ సాసరు ఆమె పక్కనే ఆ సంచిలో ఉంది. నా చాయ్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

అత్తమ్మ సాసరులో చాయ్ పోయించుకుని, అంచు పట్టుకుని ఊదింది. ఒక గుటక తాగింది. కళ్లు మూసుకుంది. తర్వాత మొత్తం తాగేసి, సాసరు కిందికి దించి, నా వైపు తిరిగింది.

“చక్కెర ఎక్కువేసిండు” అంది. “ఇంకోటి తాగుదామా బిడ్డా?”